మరమ్మతైన మోటారుసైకిలు టాంకును మరల నెక్కించుట



మోటారుసైకిలునకు టాంకు ముఖము వంటిది. చూచువాని కన్ను మొదట దానిపైననే పడును. కావుననే సొట్టలు తీయించి, కారుచున్న చోట అతికించి, రంగు వేయించి తెచ్చుకొన్న దినమున యజమానికి క్రొత్త బండి కొన్నంత సంతోషము కలుగును. ఆ సంతోషములో, ఆ సాయంకాలమే దానిని బండి కెక్కించి, నిండుగ పెట్రోలు పోయించి, ఊరంతయు త్రిప్పి చూపవలెనని తొందర పుట్టును. ఈ తొందరవలన కలుగు నష్టములను, వానిని తప్పించుకొను మార్గములను నేడు మీకు విన్నవింపదలచితిని. రంగు అందరికిని కనబడును. టాంకు క్షేమము మాత్రము ఎవ్వరికిని కనబడని నాలుగు చిన్న తావులలో నున్నది: లోపలి గోడ, క్రింది కుళాయి, ఆనుకొను రబ్బరులు, మూతలోని గాలిరంధ్రము. ఈ నాలుగింటిని చూచుకొన్న పిమ్మటనే రంగును మెచ్చుకొనవలెను.

తల్లాడ దారులు కలిసెడి కూడలి. ఖమ్మము నుండి వైరా మీదుగా వచ్చెడి బాట ఇచటనే చీలి, ఒక శాఖ కల్లూరు, సత్తుపల్లి, అశ్వారావుపేటల వైపునకును, మరియొకటి ఏన్కూరు, జూలూరుపాడుల మీదుగా కొత్తగూడెమునకును, ఆపైన పాల్వంచ దాటి భద్రాచలమునకును పోవుచున్నది. ఈ ప్రాంతమున మోటారుసైకిలు విలాసవస్తువు కాదు. ఎరువు బస్తా, పాల క్యాను, మిరపకాయల మూట, బడికి పోవు పిల్లవాడు, ఆసుపత్రికి పోవు ముసలితల్లి, అందరును దానిమీదనే ప్రయాణము చేయుదురు. బస్తాను ముందుపెట్టుకొని పోవు అలవాటు చేత టాంకునకు గీతలు, సొట్టలు తప్పవు. వానకాలమున నీరు చేరి అడుగు త్రుప్పు పట్టుటయు సాధారణమే. కనుక టాంకును దింపి మరల నెక్కించు పని ఈ సీమలో నిత్యము జరుగునట్టిది. అడవి దారిలో, ఎండాకులపైన, కారుచున్న టాంకుతో బండి నిలిచిన ఏమగునో చెప్పనవసరము లేదు. తునికాకు కోత జరుగు వేసవిలో ఒక్క బీడీ నిప్పు చాలును.

పూర్వము, మోటారుసైకిళ్ళు పుట్టిన తొలి దినములలో, టాంకు పలుచని పెట్టెవలె చట్రపు గొట్టముల నడుమ వ్రేలాడుచుండెడిది. 1930 నాటికి గొట్టముపై జీనువలె కూర్చుండెడి టాంకు వాడుకలోనికి వచ్చినది. 1955లో మదరాసున ప్రారంభమైన ఎన్‌ఫీల్డు కర్మాగారపు బుల్లెట్టు, 1961 మొదలు 1996 వరకు మైసూరులో తయారైన జావా, యెజ్డి బండ్లు, 1985లో వచ్చిన హీరో హోండా సి.డి. 100, ఇవి యన్నియు ఈ జీను పద్ధతివే. జీను గుఱ్ఱపు వీపును ఒరయక మెత్తనిదానిపై నిలిచినట్లు, టాంకు కూడ ఇనుప చట్రమును తాకక రబ్బరులపై నిలువవలెను. ఈ సూత్రము నెఱిగినచో తక్కిన పని యంతయు సులభముగ బోధపడును.

మొదట పెట్రోలు స్వభావమును కొంచెము తెలిసికొందము. సున్నకు నలుబది డిగ్రీల దిగువన, అనగా గడ్డకట్టు చలిలో సైతము, నిప్పంటుకొనుటకు చాలినంత ఆవిరిని పెట్రోలు విడుచుచుండును. ఆ ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది. అందుచేత అది పైకి పోక నేలబారున ప్రాకి, దూరముననున్న పొయ్యిని వెదకికొనును. గాలిలో నూటికి ఒకటిన్నర పాలు మొదలుకొని ఏడున్నర పాళ్ళ వరకు ఈ ఆవిరి కలిసినచో ఆ మిశ్రమము ప్రేలును. నిండు టాంకులో ఆవిరి మిక్కుటమై గాలి స్వల్పమై యుండును. ఖాళీ టాంకులోనే గాలియు ఆవిరియు ప్రేలుటకు తగిన పాళ్ళలో కలిసియుండును. కనుక ఖాళీగా నున్నది గదా యని టాంకును వెల్డింగు మంటకు చూపుట ప్రాణాపాయము. అనుభవము గల పనివాడు దానిని వేడినీటితోను, సబ్బుతోను పలుమారులు కడిగి, అతుకు వేయు తావు మాత్రము వెలుపల నుండునట్లు నీరు నింపి, ఆపైననే మంట పెట్టును. అట్లు చేయని చోట టాంకును ఇయ్యకుడు.

ఇక పనిలోని క్రమమునకు వత్తము. అతుకు నిలిచినదా లేదా యని రంగు వేయుటకు పూర్వమే పరీక్షింపవలెను. రంగు వేసిన తరువాత కారుట కనబడినచో డబ్బు రెండుమారులు పోవును. కుళాయి రంధ్రమును, మూతను బిగించి, సైకిలు పంపుతో రెండు మూడు ఊదులు మాత్రము గాలి పట్టించి, అతుకులపై సబ్బునీరు పూయవలెను. బుడగ లేచిన చోట చిల్లి యున్నది. పంక్చరు దుకాణపు కంప్రెసరు గాలిని మాత్రము పట్టింపరాదు. టాంకు రేకు టైరు కాదు. ఆ ఒత్తిడికి అది ఉబ్బి ఆకారము చెడును, కుట్లు విడివడును. గాలిపరీక్ష అయిన పిమ్మట కొలదిగ కిరసనాయిలు పోసి, పాత వార్తాపత్రికపై రాత్రియంతయు నుంచినచో, గాలికి దొరకని సన్నని చెమ్మయు ఉదయమున కాగితముపై మరకయై కనబడును. పుట్టీ పెట్టి చిల్లిని కప్పుట మరమ్మతు కాదు. పెట్రోలు పుట్టీని వదులు చేసి, కొన్ని మాసములలో రంగును బుడగలుగా లేపును.

లోపలి త్రుప్పును పోగొట్టు పని కూడ రంగునకు ముందే జరుగవలెను. నిమ్మ ఉప్పును వేడినీట కరగించి టాంకు నిండ పోసి ఒక దినముంచినచో తేలికపాటి త్రుప్పు విడిపోవును. పిదప ఆ నీటిని పారబోసి, వంటసోడా కలిపిన నీటితో పులుపు పోవునట్లు కడిగి, మంచినీటితో తొలిచి, వెంటనే ఆరబెట్టవలెను. వెంటనే యని చెప్పుటకు కారణము కలదు. శుభ్రపడిన పచ్చి ఇనుము తడిగాలి తగిలిన కొన్ని గంటలలోనే మరల ఎఱ్ఱబారును. ఆరిన తరువాత కొంచెము ఇంజనాయిలు పోసి అన్నివైపులకు త్రిప్పినచో పలుచని పొర నిలిచి కాపాడును. రంగు వేయువాడు టాంకు నోళ్ళను గుడ్డతోగాని, పట్టీతోగాని మూసి పని చేసెనా యని కూడ విచారింపుడు. ఉప్పుకాగితము రాపిడి పొడి, పుట్టీ ముక్కలు, వెల్డింగు రవ్వలు లోపల మిగిలినచో అవి నేరుగా కార్బురేటరులోని సన్నని రంధ్రమును మూయును. పది రూపాయల పొడి వేయి రూపాయల ఇంజనును నిలిపివేయును.

రంగు విషయమున జనులు పొరబడునది ఒక్కటే. చేతికి అంటకపోవుట వేరు, పండుట వేరు. నేడు మోటారు పనులలో వాడుక యైన రెండు పాళ్ళ రంగు, అనగా గట్టిపరచు ద్రవమును కలిపి వేయునది, కొన్ని గంటలలోనే తాకిన అంటదు. కాని దాని లోపొర మామూలు వేడిమిలో పూర్తిగ గట్టిపడుటకు వారము దినములు పట్టును. పెద్ద కర్మాగారములలో వేడి గదులుండును గనుక ఈ కాలము తగ్గును. చిన్న ఊళ్ళలో ఎండయే కొలిమి. పండని రంగుపై పెట్రోలు చుక్క పడినచో మరకయో, ముడుతయో తప్పదు. పండని రంగు రబ్బరుపై కూర్చున్నచో అంటుకొని పెచ్చుగా లేచును. శ్రావణ భాద్రపదములలో గాలి తేమగా నున్నప్పుడు త్వరగా ఆరెడి తిన్నరు రంగులు తెల్లబారి మసక పడును. కావున వానలు వెలిసిన దినమును చూచి వేయించుకొనుట మేలు. ఆ గట్టిపరచు ద్రవమునుండి వెడలు తుంపర ఊపిరితిత్తులకు మిక్కిలి హాని చేయును. ముక్కునకు గుడ్డ కట్టుకొన్న మాత్రమున అది ఆగదు. తగిన ముసుగు లేకుండ ఆ పని చేయు కుఱ్ఱవానిని చూచినచో, అతనికి ఆ మాట చెప్పుట మన ధర్మము.

టాంకు చేతికి వచ్చినది; వారము గడచినది. ఇప్పుడు మెత్తని దుప్పటి పఱచి దానిపై టాంకును వెల్లకిల నుంచి అడుగు భాగమును చూడుడు. కుళాయి ఆనెడి తావునను, మరల లోపలను రంగు పేరుకొని యుండును. దానిని అట్లే యుంచినచో వాషరు సమముగ కూర్చుండదు; బిగించినప్పుడు పగిలిన రంగు పెచ్చుల సందునుండి పెట్రోలు ఊరును. ఆ తావును మాత్రము సన్నని ఉప్పుకాగితముతో నునుపుచేసి, మరలను శుభ్రము చేసి, పొడిని నోటి దగ్గర రాలనీయక తుడిచివేయవలెను. తరువాత కొలదిగ పెట్రోలు పోసి, త్రిప్పి, తెల్లని గుడ్డగుండ వడపోసి చూడుడు. గుడ్డపై ఏమియు నిలువని వరకు రెండు మూడు మారులు చేయుడు. ఈ పని ఆరుబయట, పొయ్యికిని బీడీకిని దూరముగ, ఇంజను చల్లారిన తరువాత చేయవలెను. కడిగిన పెట్రోలును కాలువలో పోయరాదు.

కుళాయిని మెకానిక్కులు పెట్రోలు కాక్ అందురు. దీనిలో లోపలికి రెండు దారులుండును. ఒకటి పొడవైన గొట్టము, రెండవది అడుగుననే తెఱచుకొన్న రంధ్రము. మామూలుగా నడచునపుడు పెట్రోలు పొడవైన గొట్టపు నోటివరకే దిగును. ఆపైన బండి తడబడగానే రిజర్వునకు త్రిప్పిన, అడుగున మిగిలినది వచ్చును. ఆ పొడవైన గొట్టము విరిగియున్నను, ఊడియున్నను రిజర్వు అనునదే లేకుండపోవును. ఏన్కూరు దాటిన అడవి దారిలో రాత్రివేళ ఆ సంగతి తెలియును. కావున కుళాయిని బిగించు పూర్వమే గొట్టమును, దానిపై జల్లెడను చూడవలెను. పాత వాషరును మరల వాడకుడు. అది ఒకమారు నలిగిన ఆకారమునకే అలవాటు పడియుండును. క్రొత్త వాషరు వెల స్వల్పము. బోల్టులు రెండున్నచో ఒకదానిని పూర్తిగ బిగించి రెండవదానికి పోక, ఇటొక పట్టు అటొక పట్టు బిగింపవలెను. పానా చిన్నదైనను చేతి బలము పెద్దది. రేకునకు అతికిన మర తెగినచో టాంకు మరల వెల్డింగునకు పోవలసినదే. పెట్రోలు ముల్లు గల బండ్లలో లోపలి తేలుడు బెండు కొక్కెము వంగకుండ మెల్లగ దింపవలెను.

ఇక చట్రమును సిద్ధపఱచవలెను. హాండిలు మెడకు ఇరువైపుల రెండు గుండ్రని రబ్బరులుండును. టాంకు ముందుభాగపు గిన్నెలు వీనిపైకి జరిగి కూర్చుండును. వెనుక సీటు క్రింద ఒక రబ్బరు, దాని నడుమ ఇనుప గొట్టపు ముక్క, దానిగుండ బోల్టు ఉండును. ఎండకు పగిలిన రబ్బరులను మార్చుడు. క్రొత్త రబ్బరు బిగువుగా నున్నచో సబ్బునీరు రాయుడు. గ్రీజు, ఆయిలు రాయకుడు. సహజమైన రబ్బరు నూనె తగిలిన ఉబ్బి మెత్తబడును. ఆ ఇనుప గొట్టపు ముక్కను కొందఱు పనికిరాని వస్తువని పాఱవేయుదురు. అది లేనిచో బోల్టు రబ్బరును నలిపి టాంకు చెవిని లాగి పట్టును. రోడ్డు అదురు రేకుపై పడి, చెవి మూలన పగులు పుట్టి, మరల కారుట మొదలగును. అతికించిన టాంకు మరల అదే చోట పగిలినదని వాపోవువారిలో కొందఱికి కారణము వెల్డింగు కాదు, ఈ చిన్న గొట్టపు ముక్కయే.

చట్రపు గొట్టముపై వైర్ల కట్ట, ఆక్సిలేటరు కేబులు, క్లచ్చి కేబులు వాని వాని తావులలో నుండవలెను. టాంకు క్రింద వైరు నలిగినచో తొడుగు చిట్లి నిప్పురవ్వ పుట్టును; రవ్వయు పెట్రోలును ఒక్క చోట నుండుట ఎంతటి విపత్తో వేఱుగ చెప్పవలసిన పని లేదు. బ్యాటరీ తీగ నొకదానిని ముందే విప్పియుంచుట మంచిది. ఎక్కించునపుడు ఇద్దఱుండుట మేలు. ఒకరు టాంకు వెనుకభాగమును కొంచెము పైకెత్తి పట్టి ముందునకు జరుపుచుండగా, రెండవవారు గిన్నెలు రబ్బరులపై సరిగ ఎక్కుచున్నవో లేదో ఇరుప్రక్కల చూడవలెను. బలవంతముగ నెట్టినచో రబ్బరు మడతపడి రంగు గీచుకొనును. కూర్చున్న పిదప హాండిలును కుడివైపు, ఎడమవైపు చివరివరకు త్రిప్పి చూడుడు. ఏ భాగమును టాంకును తాకరాదు. తరువాత ఇంజను నడుచునపుడు కూడ ఇట్లే త్రిప్పి చూడవలెను. హాండిలు త్రిప్పగానే ఇంజను వేగము పెరిగినచో కేబులు లాగబడుచున్నదని గ్రహింపుడు. మలుపులో అట్టిది జరిగిన బండి అదుపు తప్పును.

పెట్రోలు పైపును క్రొత్తది వేయుడు. ఎండకు గట్టిపడిన పాత పైపు పెఱికి తగిలించునపుడు అంచున చీలును. కొసను వంకరలేకుండ కోసి, రెండు చివరల క్లిప్పులు పెట్టి, వేడి సిలిండరునకు దూరముగ, మడత పడకుండ నడుపవలెను. పైపు మిక్కిలి పొడవైనచో మధ్యలో పైకి లేచి గాలి నిలుచును. కుఱుచయైనచో అదురునకు ఊడును.

ఇక మూత. పెట్రోలు దిగిన కొలది దాని తావును నింపుటకు గాలి లోనికి పోవలెను. మూతలో దానికొక సన్నని రంధ్రము కలదు. మూతకు కూడ రంగు వేయించినచో ఆ రంధ్రము పూడిపోవును. అప్పుడు బండి నాలుగైదు మైళ్ళు చక్కగ పోయి, ఆకలిగొన్నదానివలె దగ్గి ఆగిపోవును. కొంతసేపు నిలిపిన మరల నడుచును. కార్బురేటరు విప్పి, ప్లగ్గు మార్చి, పలు ఖర్చులు పెట్టిన వెనుక తేలునది మూత రంధ్రమే. పరీక్ష సులభము. బండి ఆగగానే మూత తీయుడు. గాలి బుస్సుమని లోనికి పీల్చబడినచో దోషము అచటనే యున్నది.

అన్నియు బిగించిన పిమ్మట మొదట ఒక లీటరు మాత్రమే పోయుడు. కుళాయి మూసి అరగంట, తెఱచి అరగంట, క్రింద కాగితము పఱచి చూడుడు. కారుట యున్నచో ఒక లీటరుతో నష్టము ఆగును. అంతయు పొడిగా నున్నప్పుడే ఇంజనును నడిపి, ఊరి చుట్టు ఒక మారు పోయి వచ్చి, బోల్టులను మరల పట్టిచూడవలెను. క్రొత్త రబ్బరులు మొదటి ప్రయాణములో కొంత అణగును. ఆపైన పెట్రోలు నింపునపుడు కూడ మెడవరకు పోయింపకుడు. ఒక్క డిగ్రీ వేడికి పెట్రోలు సుమారు వేయింట ఒక వంతు పెరుగును. ఉదయము 25 డిగ్రీలలో పోసిన పది లీటర్లు, ఖమ్మము ఎండలో 45 డిగ్రీలకు వచ్చునప్పటికి దాదాపు రెండు వందల మిల్లీలీటర్లు పెరుగును. తావు లేనిచో అది మూత సందున పొంగి, మీరు వారము దినములు కాచుకొన్న రంగుపైననే ప్రవహించును.

నేటి పెట్రోలును గూర్చి ఒక మాట. 2023 ఫిబ్రవరి మొదలుకొని మన దేశమున నూటికి ఇరువది పాళ్ళు ఎథనాలు కలిపిన పెట్రోలు అమ్మకమునకు వచ్చి, 2025 నాటికి అంతటను వ్యాపించినది. ఎథనాలు సారాయి జాతి ద్రవము; నీటిని తనలోనికి లాగికొనును. నీరు మితిమీరినచో ఎథనాలుతో కూడి అడుగునకు దిగి, వేఱుపొరగా నిలిచి, రేకును తినును. పాత బండ్లలోని కొన్ని రబ్బరులకు కూడ ఇది సరిపడదు. కనుక మరమ్మతైన టాంకు గల బండిని వానకాలమున మాసముల తరబడి సగము పెట్రోలుతో కదలక నిలుపరాదు. మూత రబ్బరును చూచుకొని, వానలో బండిని చూరు క్రింద నుంచవలెను.

మఱియొక హెచ్చరిక. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బండ్లలో పెక్కింటికి కార్బురేటరు లేదు. టాంకు లోపలనే విద్యుత్పంపు నుండి పెట్రోలును గట్టి ఒత్తిడితో ఇంజనునకు పంపును. ఇట్టి బండి పైపును ఒత్తిడి తగ్గింపక లాగినచో పెట్రోలు ముఖముపై చిమ్మును. ఈ టాంకులను తెలిసిన మెకానిక్కు చేతనే విప్పించి, పంపు క్రింది రబ్బరు వలయమును క్రొత్తదిగ వేయించి, ఎక్కించుకొనవలెను. ఇంటివద్ద నేర్చుకొనదగిన పని పాత కార్బురేటరు బండిదే.

పైన పటారము, లోన లొటారము అని మనవారందురు. టాంకు విషయమున ఈ సామెత హాస్యమునకు చెప్పినది కాదు. తండ్రి ముందును, తల్లి వెనుకను, నడుమ పసిబిడ్డయు కూర్చుండి పోవు బండిపై, ఆ బిడ్డ చేతులానుకొనునది పది లీటర్ల పెట్రోలు గల రేకుపెట్టెపైననే. ఆ పెట్టెకు మెఱుగు పెట్టుటకు వెచ్చించిన వేళలో నాలుగవ వంతు దాని అడుగును చూచుటకు వెచ్చించినచో చాలును. వాషరు, గొట్టపు ముక్క, రబ్బరు, మూత రంధ్రము, ఇవి నాలుగును చూచుకొనుడు. మొదట ఒక్క లీటరు పోసి కాగితమును పరికింపుడు. కాగితము పొడిగా నున్నచో నిశ్చింతగ బయలుదేఱవచ్చునని మనవి చేసి విరమించుచున్నాను.